నేల తాకిన కాలు

ఈ భుజం మీద ఒక మనిషి బరువు ఇంకా ఉంది. ఆ మనిషి పోయి ఏళ్ళు గడిచాయి, బరువు మాత్రం దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యం ఉంటే ఇన్నాళ్ళు దిగమింగుకుని కూర్చునేవాణ్ణా?

నిజాం కాలంలో మా ఇబ్రహీంపట్నంలో చెడుగుడంటే ప్రాణం పెట్టేవాళ్ళు. నేను ఆడేవాణ్ణి కాదు. కాస్త పొలం పుట్ర ఉన్న ఇంట్లో పుట్టానేమో, పక్కన నిలబడి అందరికీ సలహాలు చెప్పేవాణ్ణి. ఆడేవాడు ఎల్లయ్య. పెద్ద చెరువులో వల విసిరి చేపలు పట్టి బతికేవాడు. వల విసిరే ఆ చెయ్యే, కూతకు వెళ్ళినప్పుడు అవతలి జట్టును హడలెత్తించేది.

ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ళకు మహేశ్వరంలో పోటీలు పెట్టారు. మొదటి ఆటలోనే తుర్కయాంజాల్ జట్టును మట్టికరిపించాం. బండ్ల మీద తిరిగి వస్తుంటే, ఎల్లయ్య చిన్ననాటి దోస్తు అంజయ్య పొలిమేరలోనే ఎదురొచ్చాడు. డప్పులు, గులాలు, కల్లు కుండలు, అన్నీ సిద్ధం.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. గెలిచినవాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటే, వాడి ఇంటి గడప దాకా కాలు నేల తాకకూడదు. తాకిందా, సంబరం అక్కడితో బందు. డప్పు ఆగాల్సిందే. మామూలుగా ఆ మర్యాదను ఆఖరి గెలుపు కోసం దాచుకునేవాళ్ళు.

"గింత తొందరేంది? ఇంక మస్తు ఆటలున్నయ్. ఆఖరాట గెల్చినంక ఎత్తుకుందం," అన్నాను.

"రేపు ఓడిపోతే? గీ సంబురం గూడ దక్కదు. గెల్చిన నాడు ఎగరకుంటె ఇంకెన్నడు ఎగురుతం?" అన్నాడు అంజయ్య.

ఒకాయన డప్పు కొట్టండి గాని ఎత్తుకోవద్దన్నాడు. ఇంకొకాయన గులాలు చల్లుకుని ఊరుకుందామన్నాడు. మాట నా వైపే మొగ్గేలా ఉంది. అప్పుడు అంజయ్య నా మొహంలోకి చూసి, "ఏంది పటేలా, మనోళ్ళు గెల్చినా ఏడుస్తవ్?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఎల్లయ్య కూడా నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. మండలేదని చూపించుకోవడానికి ఒక భుజం నేనే ఇచ్చాను. రెండోది అంజయ్య ఇచ్చాడు.

పైన ఎల్లయ్య నవ్వుతుంటే ఆ అదురు నా మెడకు తెలుస్తూనే ఉంది. వీడి కాలు ఒక్కసారి నేల తాకితే చాలు, డప్పు ఆగిపోతుంది, నా మాట నెగ్గుతుంది అనుకున్నాను. అంతే. నిజంగా అంతేనా? కాలే ముందు తాకుతుందని నాకెవరు చెప్పారు? అంత ఎత్తు నుంచి పడితే ఏమవుతుందో తెలియనంత అమాయకుణ్ణా నేను? తెలుసు, తెలిసి కూడా ఆ ఒక్క క్షణం తెలియనట్టు ఉండిపోయాను అని ఇప్పుడు అనిపిస్తుంది.

చెరువు కట్ట దిగే చోట భుజం తీసేశాను.

కాలు కాదు, ఎల్లయ్య కుడి భుజం తాకింది నేలను. కింద బండరాయి. డప్పు ఆగింది. "అంజయ్య తూలిండు! కల్లు తాగి ఎత్తుకుండు!" అని ఎవరో అరిచారు. నేను కిక్కురుమనలేదు. అంజయ్య అక్కడే కూలబడి, "అవ్, నేనే తూలిన," అని ఏడ్చాడు. పాపం, నిజమనే అనుకున్నాడు.

ఎముక అతుక్కుంది గాని చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. తర్వాతి ఆట ఓడిపోయాం. వల విసరలేని ఎల్లయ్య గట్టున కూర్చుని, ఇతరుల వలలు బాగుచేసి, వాళ్ళు పెట్టిన చేపలు ఇంటికి తీసుకెళ్ళేవాడు. అంజయ్య, ఎవరి పెళ్ళిలో డప్పు మోగినా లేచి వెళ్ళిపోయేవాడు.

మరి నాకు? పేరొచ్చింది! "పటేలు ముందే చెప్పిండు," అన్నారు. పిల్ల సంబంధమైనా, పొలం తగవైనా నన్నే అడిగేవాళ్ళు. ముందుచూపు గల మనిషినట. ఛీ, నా బతుకు!

ఒకసారి ఎల్లయ్యను చూడబోయాను. వల చినుగును పళ్ళతో పట్టుకుని ఎడమ చేత్తో కుడుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"పటేలా, ఆ దినం నీ మాట వినకపోతిమి. పైగ నవ్వితిమి గూడ. మనసుల పెట్టుకోకు," అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది.

"పోనీ తియ్యి ఎల్లయ్యా, అయిపోయిందేదో అయిపాయె," అన్నాను.

చూశారా? వాణ్ణి నేను క్షమించి వచ్చాను. ఆ పూట ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను.

ఎల్లయ్య పోయాడు. అంజయ్య కూడా ఆ తప్పు తనదే అనుకుంటూ పోయాడు. నన్ను క్షమించాల్సినవాళ్ళు ఇద్దరూ లేరు, మీరు క్షమించినా అది నాకు చెల్లదు. మీరు వింటే చాలు. ఇన్నేళ్ళలో ఈ మాట ఒక్కసారి కూడా బయటికి రాలేదు. ఇప్పుడు వస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

అంజయ్య తూలలేదు. నా భుజం జారలేదు. నేనే తీశాను.