క్షిపణి గదిలో వియ్యంకులు

చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో మా అక్క ఇంటి హాల్లో కాలు పెట్టడానికి చోటు లేకపోవడం వల్ల ఈ యాత్ర మొదలైంది. మా నాన్న, బావ తండ్రి అయిన మామయ్యగారు ఒకే నెలలో మనవరాలిని చూడటానికి దిగారు. నాన్న మూడు చక్రాల సైకిల్ కొన్నారు. మర్నాడు మామయ్యగారు బ్యాటరీ కారు కొన్నారు. నాన్న జారుడుబల్ల తెచ్చారు. దానికి జవాబుగా ఊగే గుర్రం వచ్చింది. మనవరాలికి ఇంకా పాకడమే సరిగ్గా రాదు.

"ఇంకొక్క బొమ్మ గడప దాటిందంటే ఇద్దరి రిటర్న్ టికెట్లూ ముందుకి జరిపించేస్తా. ఈ వీకెండ్ ఎటైనా తీసుకెళ్లరా బాబూ," అంది అక్క. నవ్వుతూ అనలేదు.

శనివారం పొద్దున ఫ్లైట్‌లో చికాగో నుంచి టూసాన్. అక్కడ అద్దె కారు, గంటలోపు డ్రైవ్. పార్కింగ్‌లోనే పులిహోర తినేసి, ఒకప్పటి అణుక్షిపణి స్థావరంలోకి దిగాం. ఇప్పుడది మ్యూజియం. మెట్లు చాలానే ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి.

గైడ్ తెల్లజుట్టు పెద్దావిడ. రష్యా ఒకటి చేస్తే అమెరికా రెండు చేసిందనీ, చివరికి ప్రపంచాన్ని ఎన్నోసార్లు బూడిద చేయగలిగినన్ని పోగయ్యాయనీ చెప్పింది.

"ఒకసారి సరిపోదా?" అన్నారు నాన్న.

"అవతలివాడు ఆపాలి కదండీ ముందు," అన్నారు మామయ్యగారు.

ఇద్దరూ గంభీరంగా తలలూపారు. నేను జారుడుబల్ల ప్రస్తావన తేలేదు.

కంట్రోల్ రూమ్‌లో రెండు తాళంచెవులు, ఒక్క మనిషికి అందనంత దూరంలో. ఇద్దరు ఒకే క్షణంలో తిప్పితేనే క్షిపణి లేస్తుందట. గైడ్ మావాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, "త్రీ అనగానే తిప్పండి," అంది. వన్, టూ, త్రీ అంది కూడా.

"ముందు మీరు కానివ్వండి బావగారూ," అన్నారు నాన్న. "మగపెళ్లివారు. మీరుండగా నేనా!"

"అయ్యో, వయసులో పెద్దవారు. మీరే తిప్పాలి."

గైడ్ మళ్లీ లెక్కపెట్టింది. నాన్న సగం తిప్పి, "సారీ బావగారూ," అని వదిలేశారు. ఏమిటి ఆలస్యమని గైడ్ నన్నడిగింది. చర్చలు జరుగుతున్నాయన్నాను. చివరికి ఆవిడ వేరేవాళ్లని కూర్చోబెట్టింది.

అసలు ప్రమాదం బయట, బొమ్మల షాపులో. నాన్న ఒక రాకెట్ పట్టుకున్నారు. మామయ్యగారు అంతకంటే పొడుగుది పట్టుకున్నారు. రిటర్న్ టికెట్ల సంగతి గుర్తుచేశాను. ఇద్దరి మొహాలూ పాలిపోయాయి.

"మీరు పెట్టేస్తే నేనూ పెట్టేస్తానండీ," అన్నారు మామయ్యగారు.

"ఒకేసారి పెడదాం బావగారూ. ఒరేయ్, నువ్వు త్రీ అను."

అన్నాను. రెండు రాకెట్లూ ఒకే క్షణంలో షెల్ఫ్ ఎక్కాయి. గైడ్ చూడాల్సింది.

రాత్రి మోటెల్‌లో పడుకుని, ఆదివారం మధ్యాహ్నం తిరుగు ఫ్లైట్‌కి ఎయిర్‌పోర్ట్ చేరాం. ఎక్స్-రే దగ్గర ఇద్దరూ మెడలు చాచి, ఒకరి సంచి ఒకరు తనిఖీ చేసుకున్నారు. ఏమీ లేవు. మూడో సంచిలోంచి ఆఫీసరు ఒక రాకెట్ బొమ్మ బయటికి తీశాడు. ఆ సంచి నాది.

"నువ్వా!" అన్నారు నాన్న.

"మేనమామని కదా నాన్నా, ఉత్త చేతుల్తో ఎలా వెళ్లను?"

"ఈ కుర్రాడి మీద ఓ కన్నేసి ఉంచాలి బావగారూ," అన్నారు మామయ్యగారు.

విమానంలో నన్ను మధ్య సీట్లో ఇరికించి, చెరో పక్కా కాపలా కూర్చున్నారు. ఆ మ్యూజియం చూడవలసిన చోటే, వెళ్లండి. షాపు తలుపు మాత్రం తీయకండి. చికాగోలో దిగేలోపు ఒప్పందం కుదిరింది. రాకెట్ అక్క ఇంటికి వెళ్లకూడదు, నా అపార్ట్‌మెంట్‌లోనే ఉండాలి. ప్రతి ఆదివారం ఇద్దరూ కలిసి వచ్చి తనిఖీ చేస్తారు. భోజనం నాదే.