పెదనాన్న కారుకు ఊపిరొచ్చింది

చచ్చిపోయిన మనిషికి గ్రీజు గన్నుతో ఊపిరి పోసినవాళ్ళు ఈ లోకంలో ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేనైతే పోశాను. పోసి, మా పెద్దమ్మ ఇంటి చుట్టుపక్కల వాళ్ళందరినీ హడలగొట్టి, అందరికంటే ఎక్కువ నేనే హడలిపోయాను. గుండె దడ ఉన్నవాళ్ళు కాస్త కూర్చుని చదవండి.

మా పెదనాన్న సముద్రం ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ నడిపేవాడు. ఆయనకు రెండే రెండు ఆస్తులని మా ఇంట్లో వేళాకోళం: తెల్ల అంబాసిడర్ కారు, ఉబ్బసం. నాలుగడుగులు వేస్తే చాలు, ‘హూ...’ అని ఒకటి లాగి ‘స్స్...’ అని వదిలేవాడు. వీధి చివర ఆ చప్పుడు వినబడగానే పెద్దమ్మ కాఫీకి నీళ్ళు పెట్టేది. నిరుడు ఆయన పోయాడు. ఉబ్బసం ఆయనతోనే పోయింది. కారు మాత్రం షెడ్డులో ఉండిపోయింది.

ఏడాది తిరిగింది. సమాధి దగ్గర జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నారు.

“ఆయన కార్లోనే పోవాల,” అంది పెద్దమ్మ. “ఆటోలో పోతే ఆయనకు నచ్చదు.”

కారు కదిలింది కానీ స్టీరింగు కదల్లేదు. ఉప్పుగాలికి బిగుసుకుపోయి, తిప్పితే గానుగ తిప్పినట్టుంది.

“గ్రీజు కొడితే వెన్నపూసలా తిరగతాది పెద్దమ్మా. నేను చూసుకుంటా.”

“నీకు తెలుసా అబ్బయ్యా?”

“తెలీకపోవడమేంది! ఎన్ని వీడియోలు చూసినా!”

నేను కృష్ణపట్నం పోర్టులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగిని. కారులో నాకు ఖచ్చితంగా తెలిసిన భాగం హారను. అన్నీ తెలిసిన మెకానిక్కు అణిగిమణిగి ఉంటాడు, వీడియోలు చూసినవాడు ఎగిరెగిరి పడతాడు.

నెల్లూరులో గ్రీజు గన్ను కొంటుంటే అంగడాయన అడక్కుండానే ఒక మాట చెప్పాడు. “చక్రాల కాడ నిపుల్సని చిన్న మొనలుంటాయి, వాటికి గ్రీజు కొట్టు. రెండు చక్రాల మధ్యన అడ్డంగా గొట్టం ఉంటాదే, స్టీరింగు పళ్ళకడ్డీ దాన్లోనే తిరిగేది. దానికి మాత్రం నూనె పొయ్యాలన్నా. అది గూడా రవ్వంత.”

రవ్వంతా? మా పెదనాన్న కారుకా? పెళ్ళి పంక్తిలో నెయ్యి దగ్గర పిసినారితనం చూపించమన్నట్టు వినబడింది నాకు.

కారును జాకీ మీద లేపి, కింద దూరాను. చక్రాల దగ్గర నిపుల్సు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, గన్ను తగిలించి కొట్టాను. పాత నల్ల గ్రీజు బయటికొచ్చి, వెనకాలే కొత్తది తొంగిచూసింది. అక్కడితో లేచి వచ్చేసి ఉంటే నేనూ మనిషినే. లేవలేదు. నూనె పోయాల్సిన ఆ గొట్టానికి కూడా గన్ను తగిలించి, చెయ్యి నొప్పి పుట్టేదాకా గ్రీజు కుక్కాను. గొట్టం చివర హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా రబ్బరు తొడుగు ఉంటుంది. అది వానాకాలం కప్ప గొంతులా ఉబ్బింది. ఉబ్బి, ఫట్టుమంది.

“ఏందిరా ఆ చప్పుడు?” ఇంట్లోంచి పెద్దమ్మ.

“ఏం లేదు పెద్దమ్మా, సెట్టయింది!”

చిరుగు మీద ఒక క్యారీ బ్యాగు చుట్టి, వల దారంతో గట్టిగా కట్టాను. గాయానికి కట్టు కట్టిన డాక్టరులా తృప్తిగా చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం బయల్దేరాం. వెనక సీట్లో పెద్దమ్మ, ఒళ్ళో బంతిపూల దండ. ముందు నా పక్కన పొరుగింటి శీనన్న. తుఫాను కబురున్నా పడవ తోలే మనిషి. దారిలో కారు ఆగితే తోస్తాడని ఎక్కించుకున్నాం. పొద్దు వాలుతోంది. సముద్రం మీంచి మంచు తెర లేచి సరుగుడు తోపులోకి పాకుతోంది. గాలి లేదు. సరుగుడు తోపు చప్పుడు చెయ్యకుండా నిలబడితే ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? మనం మాట్లాడితే వినడానికి నిలబడినట్టుంటుంది.

మలుపులో స్టీరింగు చక్రం కుడికి తిప్పాను.

‘హూ...’

“శీనన్నా, ఆయాసమా?”

“నాకెందుకయ్యా ఆయాసం? గమ్మున కూర్చోనుండా గదా!”

చక్రం ఎడమకు లాగాను.

‘స్స్...’

శీనన్న నా వైపు చూశాడు. నేను శీనన్న వైపు చూశాను. ఇద్దరికీ వెనక్కి చూసే ధైర్యం లేకపోయింది. వెనక నుంచి పెద్దమ్మ గొంతు మెల్లగా వచ్చింది: “కాఫీకి నీళ్ళన్నా పెట్టి రాకపోతిని.”

తోపు దాటితే సమాధుల తోట. గేటు ముందు కారు ఆపాలని కొంచెం కుడికి తిప్పి చక్రం వదిలాను. వదిలితే దానంతటది వెనక్కి రావాలి కదా? రాలేదు. ఎవరో అవతలి నుంచి పట్టుకున్నట్టు అలాగే ఉండిపోయింది. కారు తిన్నగా గేటులోకి దూరింది. ప్రార్థనకని మాకోసం ఎదురుచూస్తున్న చర్చి అయ్యగారు బైబిలుతో సహా పక్క సమాధి ఎక్కేశారు. ఇసుకలో బ్రేకు పట్టీ పట్టక కారు జారి జారి, పెదనాన్న సమాధి ముందు బంపరు ఆనించి ఆగింది.

ఇంజను ఆపి అందరం దిగాం. ఎవరూ ఊపిరి తియ్యలేదు. మనుషుల్లేని ఆ కారు మాత్రం తీసింది.

‘హూ.........’

“ఇంజను ఆపలేదా నాయనా?” అన్నారు అయ్యగారు, సమాధి మీంచే.

“ఆపినానయ్యగారూ. తాళం నా చేతిలోనే ఉండాది.”

ఆనాటి ప్రార్థన అంత త్వరగా మా ఊళ్ళో మరే ప్రార్థనా ముగియలేదు. శీనన్న తిరిగి కారెక్కనన్నాడు. ఆ మంచులో నడుచుకుంటూ పోయాడు. పెద్దమ్మా నేనూ ఇంటికి వచ్చేదాకా, మలుపు మలుపుకీ మూడో మనిషి మాతో వచ్చాడు.

మర్నాటి నుంచి పెద్దమ్మ సాయంత్రం కాగానే షెడ్డులో కారెక్కి కూర్చునేది. నేను సెలవు పెట్టి చక్రం ముందు.

“బొమ్మిడాయిల పులుసు చేసినా. పులుపెక్కువైందా? తిప్పరా.”

‘హూ...’

“చూసినావా, ఎక్కువైందంట. ఆ చివర కొబ్బరిచెట్టు కొట్టించేదా?”

‘స్స్...’

“వద్దంటుండాడు.”

తిప్పేది నేనే. కానీ ఏ ప్రశ్నకు ఎటు తిప్పాలో నా చేతులకు ఎవరు చెబుతున్నారు? ఆ మాట తలుచుకుంటే అన్నం సహించేది కాదు. గోడవతల ఆడవాళ్ళు నిలబడి వినేవాళ్ళు. శీనన్న గుమ్మడికాయ తెచ్చి షెడ్డు ముందు పగలగొట్టి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఒకరోజు పెద్దమ్మ అంది: “ఆదివారం కావలికి పోదాం, మా చెల్లెల్ని చూడాల. హైవేలో మీ పెదనాన్నే జాగ్రత్తగా తోలుకపోతాడు.”

హైవే! లారీల మధ్య, తిప్పితే తిరిగిరాని చక్రంతో! పెదనాన్న ఒక్కడే పైనున్నాడు. మేమిద్దరం తోడు వెళ్ళే ప్రమాదముంది. దయ్యం భయం కంటే లారీ భయం గొప్పది. శీనన్నను బతిమాలి, జేబులో నిమ్మకాయ పెట్టించి, చక్రం ముందు కూర్చోబెట్టాను. నేను కారు కింద దూరాను.

“తిప్పు శీనన్నా!”

‘హూ...’ చప్పుడు సరిగ్గా నా ముఖం మీదే వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా నేను కట్టిన క్యారీ బ్యాగు, గొంతులా ఉబ్బి, చిక్కి, మళ్ళీ మెల్లగా ఉబ్బుతోంది. రబ్బరు తొడుగు నొక్కుకున్నప్పుడు చిరుగులోంచి గాలి బయటికి, సాగినప్పుడు లోపలికి. నొక్కుకున్న రబ్బరు తిప్పడం ఆపాక కూడా మెల్లగా సాగుతుంది; ఆ రోజు సమాధి దగ్గర వినబడింది అదే. నూనె ఉండాల్సిన గొట్టంలో గ్రీజు గడ్డకట్టి చక్రాన్ని పట్టేసింది. పెదనాన్న కాదు, దయ్యం కాదు. నా వీడియోలు!

కారు కింద పడుకునే నవ్వాను. ఆ నవ్వు విని శీనన్న నిమ్మకాయ వదిలేసి పరుగెత్తాడు.

పెద్దమ్మకు చెప్పడమే కష్టమైంది. వాకిట్లో ఆమె ముందు నిలబడి, గ్రీజు గన్నూ, చిరిగిన తొడుగూ, క్యారీ బ్యాగూ, అన్నీ ఒప్పుకున్నాను. ఇన్నాళ్ళుగా ఆమె మాట్లాడింది ఒక సంచితో అని చెప్పడం మాటలా?

ఆమె చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికెళితే నవ్వుతోంది.

“నాకు మొదటి రోజే అనుమానమొచ్చిందిరా. ఇన్నేళ్ళ కాపురంలో నేను మాట్లాడతా ఉంటే మీ పెదనాన్న మధ్యలో లేచిపోకుండా ఒక్కపూటన్నా కూర్చున్నాడా? ఈయనెవరో పాపం, కదలకుండా అంతా వింటా ఉండె. ఆయన కాదులే అనుకున్నా. అయినా వినేవాడు దొరికినప్పుడు వదులుకుంటామా?”

తొడుగు మార్పించాను. గొట్టంలో గ్రీజంతా కడిగించి రవ్వంత నూనె పోయించాను. ఆ తరువాత, పైనున్న దేవుడి సాక్షిగా, కిందనున్న ఆయిలు మరక సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక బతికుండగా గ్రీజు గన్ను జోలికి పోను. పోవాల్సి వచ్చినా, పోయినవాళ్ళ కార్ల జోలికి మాత్రం పోను.