క్లెగ్ గారి పేరు లేని జాబితా

బెరిల్ సట్‌క్లిఫ్ ఇరవై ఆరేళ్లుగా అద్దెకున్న ఇల్లు అమ్మకానికొచ్చింది. యార్క్‌షైర్‌లో, కాలువ ఒడ్డున వరసగా ఉండే రాతి ఇళ్లలో అదొకటి. ఇంటి యజమాని చనిపోయాక ఆయన కూతురు పమేలా వచ్చి, "మీరు కొంటానంటే ముందు మీకే. కానీ సెప్టెంబరు దాటితే నేనాగలేను" అంది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే బెరిల్‌కి యాభై రెండేళ్ల వయసులో బ్యాంకు ఇంటి లోను ఇస్తానంది. ఆమె నమ్మలేకపోయింది.

దరఖాస్తులో ఇంటి కాగితాలు చూసే లాయరు పేరు రాయమన్నారు. ఆలోచించకుండా ఎడ్మండ్ క్లెగ్ అని రాసింది. పదిహేనేళ్ల కిందట ఆమె భర్త వాల్టర్ మిల్లు కప్పు మీద నుంచి పడి చనిపోయినప్పుడు, తాగి ఎక్కాడని యజమానులు అన్నారు. తాగలేదని రుజువు చెయ్యడానికి క్లెగ్ రెండేళ్లు తిరిగాడు. ఆ మాట కోర్టులో చదివిన రోజు బెరిల్ అన్నాళ్లకి మొదటిసారి కడుపునిండా తిన్నది.

వారానికి బ్యాంకు నుంచి ఫోనొచ్చింది. "మీ లాయరు మా జాబితాలో లేరండీ. ఒక్కరే నడిపే ఆఫీసులను మేం తీసేశాం. జాబితాలోంచి ఒకరిని ఎంచుకోండి. ఆయనే కావాలంటే మా తరఫున మేం ఇంకొకరిని పెట్టుకుంటాం, ఆ ఖర్చూ మీదే. పని కూడా నెమ్మదవుతుంది."

లాండ్రీలో పక్క బల్ల దగ్గరుండే నోరీన్ ఈ మాట విని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"ఇందులో ఆలోచించేదేముందే? హాలిఫాక్స్‌లో పెద్ద లాయర్ల ఆఫీసుంది, జాబితాలో ఉంటుంది. అక్కడికెళ్లు."

"ఆయనకి ఎలా చెప్పనే?"

"నోటితో చెప్పు. నువ్వు ఇల్లు కొంటున్నావా, ఆయన్ని పెళ్లి చేసుకుంటున్నావా?"

శనివారం చెప్పేయాలనే వెళ్లింది. మెట్లెక్కేసరికి క్లెగ్ టీ కాచి, చొక్కా కాలరు సర్దుకుని కూర్చున్నాడు. గుమాస్తా బల్ల ఖాళీగా ఉంది. గదిలో చలి. వాల్టర్ పాత ఫైలు బయటికి తీసి పెట్టుకున్నాడు.

"ఆ బ్యాంకు మూడేళ్ల కిందటే నన్ను తీసేసిందమ్మా," అన్నాడు ఆమె నోరు తెరవకముందే. "వాళ్ల లాయరొకడు, నేనొకణ్ని. అలా అయితే ఆలస్యమవుతుంది మరి." ఆ మాట అంటూ ఆమె మొహంలోకి చూడలేదు.

"కానివ్వండి. మీరే చూడండి," అంది బెరిల్. అన్నాక, మెట్లు దిగుతుంటే గుండె తేలికైనట్టే అనిపించింది.

ఆ ఇంటి స్థలం పాత కాలపు లీజుది, దాని కాగితాలు ఓ పట్టాన తేలేవి కావు. బ్యాంకు లాయరు ఒక కాగితం అడిగేవాడు. క్లెగ్ దాన్ని పమేలా లాయరును అడిగేవాడు. జవాబు వచ్చేసరికి రెండు వారాలు. వెంటనే ఇంకో ప్రశ్న. ఆగస్టులో క్లెగ్‌కి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరితే పది రోజులు ఆఫీసే తెరవలేదు. నోరీన్ రోజూ, "ఇప్పుడైనా మారవే" అనేది. "ఇంత దూరం వచ్చాక ఎలా" అనేది బెరిల్.

సెప్టెంబరు అయిపోయింది. పమేలా ఇంకో రెండు వారాలిచ్చింది. ఆ తర్వాత గుమ్మంలోనే నిలబడి, "ఈ డబ్బుతో నేను కొనుక్కునే ఇల్లు పోయేలా ఉందండీ. మాంచెస్టరు ఆయనెవరో లోను లేకుండా కొంటానన్నాడు. ఏమీ అనుకోకండి" అంది. బెరిల్ అనుకోవడానికేం మిగల్లేదు. కొన్నాయన డిసెంబరు చివరికల్లా ఖాళీ చెయ్యమని రెండు నెలల నోటీసు పంపాడు.

నోటీసు పట్టుకుని క్లెగ్ దగ్గరికి వెళ్లింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఆ రోజు నేనే నిన్ను పంపేయాల్సింది బెరిల్. ఫైలు నేనే హాలిఫాక్స్ తీసుకెళ్లి ఇచ్చుండాల్సింది. కానీ ఈ ఏడాది నా దగ్గరికొచ్చిన ఇల్లు కొనే పని అదొక్కటే. నువ్వు ఉండమన్నావు. నేను ఉండిపోయాను."

కోపం వస్తుందేమోనని ఆమె కాసేపు ఎదురుచూసింది. రాలేదు. వచ్చుంటే బాగుండేది, దాన్ని ఎవరి మీదైనా చూపించుకోవచ్చు.

"నేనూ మీకు చెప్పడానికే వచ్చానండి ఆ రోజు. నోరు రాలేదు," అంది.

ఏడాది చివర్న క్లెగ్ ఆఫీసు మూసేశాడు. బెరిల్ కొండ మీద, ఊరి కౌన్సిల్ వాళ్లు తక్కువ అద్దెకిచ్చే మూడో అంతస్తు గదికి మారింది. అక్కణ్నుంచి లాండ్రీకి రెండు బస్సులు మారాలి, మొదటిది ఐదున్నరకే. కాలువ పక్క తన పాత వీధిలోంచి పోయే బస్సొకటి ఉంది, దానికైతే పది నిమిషాలు కలిసొస్తాయి. ఆమె అది ఎక్కదు.