అరవై నాలుగు గళ్లు

ఇంటర్ మొదటి ఏడాది నాకు కాలిక్యులస్ అర్థం కాలేదు. ఫిజిక్స్ కూడా అర్థం కాలేదు గానీ, ఆ సంగతి తెలియడానికి ఇంకో నెల పట్టింది. హిందూపురం నుంచి రైల్లో వచ్చే మా ఫిజిక్స్ సారు ప్రతి హోంవర్కుకూ మార్కులు వేసేవారు. నాకు వరసగా రెండు సున్నాలు వచ్చాయి. మూడోదీ వస్తే మీ నాయన్ని పిలుచుకొని రా అన్నారు.

నాయన వస్తే నా పని అయిపోయినట్టే. ధర్మవరంలో మాది పట్టుమగ్గం ఇల్లు. పెద్ద అంచు చీర నేయాలంటే నేసే మనిషి కాక, అంచు పక్కన కూర్చుని, పోగు చుట్టిన నాడె విసరడానికి ఇంకొకరు కావాలి. ఆ పని చేసే అమ్మకు భుజం పట్టేసి చేయి లేవడం మానేసింది. రోజుకొకరిని బతిమాలి కూలికి తెచ్చుకునేవాళ్లం. కాలేజీలో చేరిన రోజే నాయన చెప్పాడు: "చదువు వస్తే చదువుకో పాపా. రాకుంటే దాచద్దు, వచ్చి మీయమ్మ చోట కూర్చో." బెదిరింపు కాదది. ఖాళీ ఎక్కడుందో చెప్పాడంతే. ఆ ఖాళీలో కూర్చోవడం నాకు ఇష్టం లేదు. అందుకే సున్నాల సంగతి ఇంట్లో ఎత్తలేదు.

మూడో హోంవర్కు ఒక కారు లెక్క. కారు గబుక్కున వేగం అందుకుని, తర్వాత మెల్లగా తగ్గుతూ ఆగుతుంది. దాని వేగానికీ కాలానికీ గ్రాఫు గీసి, గీత కింద పడిన గళ్లు లెక్కబెట్టి, గడికి పది మీటర్ల చొప్పున అది ఎంత దూరం పోయిందో చెప్పాలి. ఇంటిగ్రేషన్ అంటే ఇదే, ఇంత దానికి భయమెందుకు అన్నారు సారు. నేను భయం మానలేదు.

నా గ్రాఫు పుస్తకం అయిపోయింది. అయితే మా ఇంట్లో గళ్ల కాగితాలకు కరువు లేదు. చీర అంచులూ బుటాలూ ముందు వాటి మీదే వేస్తారు. నాయన కట్టలోంచి ఒకటి లాగి, గీత గీసి, కింది గళ్లకు పెన్సిల్ పూశాను. లెక్కబెడితే యాభై ఎనిమిది వచ్చాయి. నోట్సులో ఐదువందల ఎనభై మీటర్లు అని రాసుకున్నాను. అక్షాలకు పేర్లు పెట్టలేదు. పెట్టకపోవడం నా అలవాటు, దానికీ మార్కులు పోయేవి. కాగితం మగ్గం పక్కన వదిలేసి స్నానానికి పోయాను. వచ్చి, చుట్టచుట్టి, విప్పి చూడకుండానే కాలేజీకి పట్టుకుపోయాను.

సారు దాన్ని విప్పి చాలాసేపు చూశారు. "కారు ఎంత తొందరగా లేచిందో అంత తొందరగానే ఆగిందా?" అన్నారు. నేనూ చూశాను. ఒక పక్కకు వాలిన నా కొండ నిటారుగా నిలబడి ఉంది. ఎడమ పక్క ఎన్ని మెట్లో కుడి పక్కా అన్నే. ఇది నేను గీసింది కాదు సార్ అన్నాను. మరెవరు గీశారన్నారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. మూడో సున్నా పడింది.

మరుసటి రోజు నాయన ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. సారు రమ్మన్నారని మాత్రమే చెప్పాను కాబట్టి సంతోషంగానే ఉన్నాడు. బల్ల మీద గ్రాఫు కనబడేసరికి ఇంకా సంతోషపడ్డాడు.

"ఇది నేను సరిచేసిందే సార్. పాప కొత్త అంచు ఏసింది అనుకుంటి. ఒక పక్క వాలిపోయుండాది. అట్లుంటే అవతలి అంచుతో జతకు రాదు. అందుకే రెండు పక్కలా సమంగా తెచ్చినా."

"ఇది అంచు కాదప్పా, కారు," అన్నారు సారు.

నాయన కాగితాన్ని ఇంకోసారి చూశాడు. "కారు యాడుండాది సార్?"

సారు ఓపికగా వివరించారు. నాయన అంతా విని, "ఆకారం నా తప్పే. గళ్లు మాత్రం మార్చలేదు. ఈ పక్కవి తీసి ఆ పక్క పెట్టినా, అంతే. అరవై నాలుగు ఉండె, అరవై నాలుగే ఉండాయి. లెక్క పెట్టుకోండి," అన్నాడు.

సారు లెక్కబెట్టారు. అరవై నాలుగు. పుస్తకంలో జవాబు ఆరువందల నలభై మీటర్లు. నాయన నా నోట్సులోని ఐదువందల ఎనభైని చూశాడు. తర్వాత మార్కుల పట్టీలో నా పేరుకెదురుగా ఉన్న మూడు సున్నాలు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు.

నాయన నన్ను కాదు, సారునే అడిగాడు. "గళ్లు లెక్కబెట్టేది రాదంతేనా సార్, ఇంకేమన్నా రాదా?"

సారు మార్కుల పట్టీ మూసేశారు. "ముందు నుంచీ అరవై నాలుగే ఉంటే, గీత సరిగ్గానే గీసుండాలి."

"అయితే లెక్క నేను నేర్పిస్తా. మిగతాది మీరు చూసుకోండి."

పూసిన గళ్లలో ప్రతి పదో గడికీ ఒక చుక్క పెట్టి, చివర చుక్కలు లెక్కబెట్టుకోవడం మగ్గం వాళ్ల పద్ధతి. నేర్చుకోవడానికి అరగంట పట్టింది. అమ్మ చోటు గురించి నాయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు పెనుకొండలో నేను ఫిజిక్స్ చెబుతున్నాను. పిల్లల్లో కొందరి నాయనలు ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీకి పోతారు. కారు గ్రాఫు వచ్చినప్పుడల్లా పదో గడికి చుక్క పెట్టమంటాను. అక్షాలకు పేర్లు పెట్టకపోతే మార్కులు తీసేస్తాను.

ఆ రోజు కాలేజీకి వచ్చి వెళ్లిన వారమే నాయన పెద్ద అంచు చీరలు మానేశాడు. ఒక్కడే కూర్చుని నేయగలిగే చిన్న అంచులకు మారాడు. చిన్న అంచే చూడ్డానికి బాగుంటుందని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు. అబద్ధం. చిన్న అంచంటే ఆయనకు ఎప్పుడూ ఇష్టం లేదు.