పెద్దమందడి తొవ్వలో మా డ్రిల్లు సారు

“పంతులూ, మీ డ్రిల్లు సారు పెద్దమందడి తొవ్వల చెట్టు కింద కూసున్నడు. పిలిస్తె పలుకుతలేడు.”

పల్లికాయ బస్తాలు వేసుకొని వనపర్తికి వచ్చిన ఒక బండాయన మా ఇంటి ముందు ఆగి ఈ మాట చెప్పాడు. శుక్రవారం, బడికి సెలవు. నేను అరుగు మీద చాప వేసుకొని పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. పలకకపోవడమేంది అని అడగబోయాను. ఆయన అప్పటికే తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఇంక అడగలేదు.

ఆయన కంటె ముందు నాలుగైదు బండ్లు ఆ చోటు దాటి వచ్చాయని తర్వాత తెలిసింది. సైకిలు స్టాండు వేసి ఉంది, మనిషి చెట్టుకు ఆనుకొని ఉన్నాడు, టోపీ ఒళ్ళో ఉంది. అలసి కూర్చున్నాడని అందరూ అనుకున్నారు. ఒకాయన సలాం కూడా చేశాడట. జవాబు రాకపోయేసరికి కునుకు తీస్తున్నాడనుకొని, లేపడమెందుకని ఎడ్లను మెల్లగా తోలుకుపోయాడట.

ఆయన పోయి నలభై రోజులు నిండాయి. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. పదిహేనేండ్ల స్నేహం మాది. అందులో ఒక ఏడాది మాటల్లేవు. ఆ ఏడాదిని దాచిపెట్టి మంచి మాటలు మాత్రమే రాస్తే చదివేవాళ్ళు మెచ్చుకుంటారేమో గాని, ఆయన మాత్రం ఒప్పుకోడు.

నేను వనపర్తి బడిలో చేరేనాటికే ఆయన అక్కడ డ్రిల్లు సారు. చదువంతా ఉర్దూలో నడిచే బడి. తెలుగు గంటను, డ్రిల్లు గంటను ఎవరూ పెద్దగా లెక్క చేసేవాళ్ళు కాదు. అందుకేనేమో ఇద్దరం దగ్గరయ్యాం. నాకంటె పన్నెండేండ్లు పెద్ద. జర్మనీతో జరిగిన పాత లడాయిలో ఫ్రాన్సు దేశం పోయి వచ్చిన మనిషి. నిటారుగా నడిచేవాడు, మెల్లగా మాట్లాడేవాడు. పిల్లల మీద చెయ్యెత్తగా నేను చూడలేదు.

నాకు సైకిలు నేర్పింది ఆయనే, అదీ ముప్ఫై దాటాక. మొదటిరోజు పంచె గొలుసులో చిక్కుకొని బడి వెనక మైదానంలో బోర్లాపడ్డాను. ఆయన నవ్వలేదు. తెల్లారి ఒక ఖాకీ లాగు తెచ్చి ఇచ్చి, “పంతులుతనం ఇంట్ల విడిచిపెట్టి రా” అన్నాడు. నెల తిరిగేసరికి ఆయన వెనక పానగల్లు కోట దాకా తొక్కాను.

ఆ తర్వాత శుక్రవారాలన్నీ మావే. పొద్దు పొడుస్తుండగా బయలుదేరేవాళ్ళం. ఒకవారం ఘనపురం గుట్ట మీది కోట, ఒకవారం పానగల్లు. రెండు రోజులు కలిసివస్తే కృష్ణ ఒడ్డుకు పోయి, సైకిళ్ళను పుట్టిలో పడుకోబెట్టి నది దాటి గద్వాల మట్టికోట దాకా. ఎండాకాలం సెలవుల్లో లింగాల దాటి అడవి మొదలయ్యేచోటికి. జుమ్మా నమాజు ఏ ఊర్లో దొరికితే ఆ ఊర్లో చదువుకునేవాడు. నేను బయట సైకిళ్ళ దగ్గర కూర్చునేవాణ్ణి.

సైకిలు మీద మాట్లాడనిచ్చేవాడు కాదు. “నోరు మూసుకుంటె తొవ్వ మాట్లాడుతది పంతులూ” అనేవాడు. ఎత్తు వస్తే పైకి చూడొద్దనేవాడు, ముందు చక్రాన్నే చూడమనేవాడు. లింగాల అడవి అంచున ఎండుటాకుల మీద రెండు సైకిళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని పొద్దులు నాకు ఎన్నో గుర్తున్నాయి. అడవి దాటాక దిగి, చేతి గుడ్డతో గొలుసు తుడుచుకుంటూ, అప్పుడు ఒక మాట మాట్లాడేవాడు.

రెండు అలవాట్లు మాత్రం నాకు చాలా ఏండ్లు అర్థం కాలేదు. ఒకటి, తోలు సంచి నిండా నీళ్ళు తీసుకొని, తొవ్వ పక్క ఎవరు పడుకొని కనపడినా దిగి నీళ్ళు కావాల్నా అని అడగడం. మల్దకల్ దగ్గర ఒక ముసలాయన లేచి తిట్టాడు కూడా. “మంచిగ నిద్రపట్టిందనుకుంటె లేపితివి గద నాయనా!” ఈయన తప్పయిందని చెప్పి, ముసలాయన చెంబులో నీళ్ళు పోసే కదిలాడు. రెండోది, గద్వాల దిక్కు ఏ ఊరికి పోయినా నన్ను సైకిళ్ళ దగ్గర ఉంచి పెద్దమనుషులతో పక్కకు పోయి ఏదో అడిగేవాడు. వాళ్ళు తల అడ్డంగా ఊపేవాళ్ళు. ఏంది సారూ అంటే, “పాత పరిచయం ఒకటుండె” అనేవాడు, అంతే.

సాయంత్రాలు మా ఇంటికి వచ్చేవాడు. మా అమ్మ జొన్నరొట్టె పెట్టేది. అప్పుడు ఫ్రాన్సు ముచ్చట్లు వచ్చేవి. అక్కడ ఆయన పని సైకిలు మీద కాగితాలు మోయడం. ఇంగ్లీషు దొరలు మకాం పెట్టిన ఒక కోట నుంచి అడవి అవతలి ఊరి దాకా. “రెండు దిక్కుల చెట్లు పైన కలుస్తయి తమ్మీ. ఆకుల కింద ఆరు మైళ్ళు తొవ్వ. కోట చుట్టు నీళ్ళు, ఆ నీళ్ళల్ల కోట తలకిందులుగ కనపడుతది. దాని మీద తెల్లటి హంసలు” అని చెప్పేవాడు.

తమ్మీ అన్నది నన్ను కాదు, మా తమ్ముణ్ణి. ఇరవై ఏండ్లవాడు, పరీక్ష తప్పి ఇంట్లోనే ఉన్నాడు. రొట్టె తినడం మరిచి వినేవాడు.

“భయం కాలేదా సారూ?” అని ఒకనాడు వాడు అడిగాడు.

ఆయన కొంచెంసేపు ఊరుకున్నాడు. “వాన పడ్డంక ఆ అడవి వాసన ఉంటది సూడు...” అని వేరే దిక్కు పోయాడు. ఆ ఊరుకోవడం నేను గమనించాను. వాడు గమనించలేదు.

మళ్ళీ లడాయి వచ్చింది. ఫౌజులో చేరడానికి పోతున్న నలుగురితో కలిసి మా తమ్ముడూ పేరు రాయించుకొని వచ్చాడు. “నేను గూడ దేశాలు సూస్తనే అన్నా” అన్నాడు. అమ్మ ఏడ్చింది, ఏడ్చి సద్ది కట్టింది. వనపర్తి రోడ్డు స్టేషనుకు డ్రిల్లు సారు వచ్చాడు. వాడి అంగీ మెడ గుండీ పెట్టాడు. ఏదో చెప్పబోయి, బండి కూత వేయగానే భుజం తట్టి వెనక్కు జరిగాడు.

మావాడు పోయింది ఫ్రాన్సుకు కాదు. ఎక్కడో ఇసుక దేశానికి. ఏడాది తిరగకుండానే వాడు లేడని తంతి వచ్చింది.

నాలుగో రోజు నేను బడికి పోయాను. వరండాలో ఆయన ఎదురొచ్చాడు. అందరూ ఉన్నారు. నేను ఆపుకోలేకపోయాను.

“మీ కోటలు, మీ హంసలు! అవి నమ్మే మావాడు పోయిండు. ఇంక ఎవరికి చెప్తరు సారూ ఆ ముచ్చట్లు? చెప్పున్రి, ఇంకా ఉన్నరు గద పిలగాండ్లు!”

ఆయన చేతులు పక్కలకు ఆనించి, దొర ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. నేను అలసిపోయిందాకా అట్లాగే నిలబడి, తర్వాత మైదానంలోకి పోయి పిల్లలను వరుసలో నిలబెట్టాడు.

ఏడాది మాటల్లేవు. ఒకే వరండాలో పక్కపక్క నుంచి పోయేవాళ్ళం. శుక్రవారం పొద్దున మా సందు చివర ఆయన సైకిలు పోయే చప్పుడు వినపడేది. రబ్బరు దొరకని కాలం, టైరుకు గుడ్డపేలికలు చుట్టి తొక్కేవాడు. ఆ చప్పుడు ఇంటి దాకా వచ్చి ఆగుతుందేమోనని ఒక్కోసారి చెవి పెట్టేవాణ్ణి. ఆగితే తిట్టి పంపాలనీ అనుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం ఆగింది.

“ఒక్కసారి పానగల్లు దాక పోదాం. ఆ తర్వాత నీ ఇష్టం” అన్నాడు. నేను ఎందుకు కదిలానో ఇప్పటికీ చెప్పలేను. కోట ఎక్కి, పడిపోయిన బురుజు మీద కూర్చున్నాక చెప్పాడు.

“ఆ అడవిల ఒకనాడు వాన. చక్రం జారి ‘అయ్యో’ అన్న. తెలుగుల అన్న. అది విని చెట్టుకాడికెంచి ఎవరో ‘అన్నా’ అని పిలిచిండ్రు. సూస్తె మనోడు. కడుపుకాడ రక్తం. ఏ ఊరు తమ్మీ అంటే గద్వాల దిక్కు అన్నడు. జర నీళ్ళియ్యి అన్నడు. నా సంచిల కాగితముండె. తొవ్వల ఆగొద్దని హుకుం. ఒక కాలు కింద పెట్టిన పంతులూ, రెండో కాలు పెట్టలే. ‘మల్ల ఇటే వస్త, ఇస్త’ అని చెప్పిన. తొక్కిన. మల్లొచ్చిన. అప్పటికి అయిపోయిండు.”

కింద చెరువు దిక్కు చూస్తూ మళ్ళీ అందుకున్నాడు.

“అసలు ఊరి పేరు తెలుసుకోలే. ఇరవై ఏండ్లసంది గద్వాల దిక్కు అడుగుతనే ఉన్న, లడాయికి పోయి రానోడు మీ ఊర్ల ఉన్నడా అని. ఆ ఇల్లు దొరకలే. ఆ తొవ్వ చానా అందంగుండె, అది అబద్ధం గాదు. గని మీ తమ్మునికి సగమే చెప్పిన. రెండో సగం చెప్పనీకె నోరు రాలే. రైలుకాడ గూడ రాలే.”

నేను ఏదో ఒకటి అనాలని ఆయన ఎదురుచూశాడు. నాకు తెలుస్తూనే ఉంది. మీ తప్పేమీ లేదు సారూ అనే నాలుగు మాటలు. అవి నా నోటి నుంచి రాలేదు. “ఎండ అయితున్నది, పోదాం” అన్నాను.

తిరిగి వచ్చి, నేను పిలవకుండానే ఆయన మా ఇంట్లోకి వచ్చాడు. మా అమ్మ ముందు నేల మీద కూర్చొని అదంతా మళ్ళీ చెప్పాడు. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. చేతులు ఆపలేదు.

“వాడు పోతనన్ననాడు సద్ది కట్టింది నేనే గద సాయెబూ” అన్నది చివరికి. ఆ తర్వాత చేట కింద పెట్టి అడిగింది. “ఆ పిలగాడు నీళ్ళడిగిండంటివి. మావోడు గూడ అడిగుంటడు. ఎవరన్న ఇచ్చిండ్రంటవా?”

ఇచ్చే ఉంటారని చెప్పవచ్చు. నేనయితే చెప్పేవాణ్ణి. ఆయన తల వంచుకొని, “తెల్వదమ్మా” అన్నాడు. ఆ మనిషి ఏడవగా చూసింది ఆ ఒక్కసారే. అమ్మ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టి, తాగేదాకా అక్కడే నిలబడింది.

అటు తర్వాత బడిలో ఏ పిల్లవాడు ఫ్రాన్సు ముచ్చట అడిగినా కోట, హంసలు, చెట్ల కింద తొవ్వ చెప్పి, ఆపకుండా చెట్టు కింది మనిషి గురించి కూడా చెప్పేవాడు. పిల్లలకు అది నచ్చేది కాదు. అడగడం తగ్గించారు.

మేము మళ్ళీ శుక్రవారాలు తొక్కాం. ముందటి లెక్క కాదు. ఘనపురం గుట్ట ఎక్కినప్పుడు ఆయనకు ఆయాసం వచ్చేది, ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని నిలబడేవాడు. దవాఖానకు పోదామంటే వినలేదు. ఆ నాలుగు మాటలు నేను ఎన్నోసార్లు నోటి దాకా తెచ్చుకున్నాను. సైకిలు మీద మాట్లాడొద్దు. కోట మీద ఆయన ఆయాసపడుతుంటాడు. పుట్టిలో పదిమంది ఉంటారు. వచ్చేవారం చూద్దామనుకునేవాణ్ణి.

చివరి గురువారం బడి విడిచాక, “రేపు పెద్దమందడి దిక్కు పోదామా?” అన్నాడు.

“కాగితాలున్నయి సారూ, మీరు పోయి రాండ్రి” అన్నాను.

సరే అని తలూపి సైకిలు ఎక్కాడు. మా ఇద్దరి మధ్య చివరి మాట అదే. మళ్ళీ ఒక్కసారి పిలిస్తే బాగుండేదని నేను ఆయనను అనలేను. ఆయన పిలిచాడు, పోనిది నేనే.

బండాయన చెప్పగానే, ఆయన్నే సారు ఇంటికి కబురివ్వమని పంపి నేను సైకిలు తీశాను. ముందురోజు వాన పడింది. తొవ్వ నడుమ అంతా బండి చక్రాలు చేసిన గాడులు, బురద. తొక్కేవాళ్ళు అంచు పట్టుకొని పోవాల్సిందే. ఊరు దాటి కొంచెం దూరం పోయాక ఆ అంచున చూశాను. తడి మన్నులో ఒక్కటే చక్రపు గీత, పేలికలు చుట్టిన టైరుది, ముందుకు పోతూ ఉంది.

నా చక్రం దాని మీదికి పోయి దాన్ని చెరపబోయింది. దిగాను.

మిగిలిన దూరమంతా సైకిలును చేత్తో తోసుకుంటూ, ఆ గీతకు జానెడు ఎడంగా నడిచాను. ఒకచోట అది నీటిగుంటను చుట్టి పోయింది. ఒకచోట, చీమలు బారుగా తొవ్వ దాటుతున్న దగ్గర, వాటిని తప్పించి పక్కకు వంగింది. ఆ తర్వాత కొంత వంకరగా పోయింది. ఆయన కూర్చున్న చెట్టు ఇంకా దూరంగా ఉండగానే అది తొవ్వ దిగి గడ్డిలోకి తిరిగింది. అక్కడ ఆయన దిగినట్టుంది, దాని పక్కన బూట్ల అడుగులు ఉన్నాయి, తొందర లేని అడుగులు.