జడకు కట్టిన దారం

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో మా మేనత్త నాకు కూర్చోవడం నేర్పింది. ఇప్పుడు ఈ ముసలితనంలో, కామారెడ్డిలో అదే విద్య చెప్పడానికి ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయి మా ఇంటికి వస్తోంది. నడుము నిలపడం, అడుగు వేయడం, కళ్లు మూసుకుని మెడ ఎక్కడుందో తెలుసుకోవడం ఆమె పాఠాలు. చెప్పినవన్నీ సాయంత్రం డైరీలో రాసుకుంటాను. ఆ అమ్మాయి గొంతు పెంచదు. మా అత్త పద్ధతి వేరు.

అత్త ఊహ తెలిసినప్పటి నుంచి బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, చూపంతా వేళ్ల మీదే. అలా వంగి వంగి వీపు గూనైపోయి, ఎదుటి మనిషి ముఖం చూడాలంటే తల పక్కకు తిప్పాల్సి వచ్చేది. బడి నుంచి రాగానే నేనూ చాట పట్టేదాన్ని. నా వీపు కూడా వంగుతున్నదని చూసి అత్త బీడీ దారాన్ని మందంగా పేని, ఒక కొస నా జడకు, ఇంకో కొస వెనక గుంజకు కట్టింది. ముందుకు ఒరిగితే మాడు మండిపోయేది. చూడకుండా చుట్టడం వేళ్లు నేర్చుకున్నాయి. ముడి విప్పే అధికారం అత్తదే. నేను ముట్టుకుంటే చెంప పగిలేది.

ఒకనాడు వాడకట్టు ఆడవాళ్లంతా మా ఇంట్లో చాటలు పెట్టుకుని కూర్చున్నారు. అత్త రోజూలాగే నా వెనక చేరి జడ సవరించి వెళ్లింది. కాసేపటికి నాకు ఆపుకోలేని అవసరం వచ్చింది.

“అత్తా, దొడ్లెకు పోవాలె. జర ఇప్పవే.”

“గా కట్ట అయినంక పో.”

కట్ట అయింది. మళ్లీ అడిగాను.

“ఇంకోటి చెయ్యి. రాణి లెక్క కూసున్నవు, ఏం తొందర నీకు?”

పక్కింటి అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నిటారుగా కూర్చునే లంగా తడుపుకున్నాను. ఆకు తడిస్తే దెబ్బలు పడతాయని చాటను మాత్రం పైకెత్తి పట్టుకున్నాను.

అప్పుడు అత్త వచ్చి నా జడను భుజం మీదుగా ముందుకు వేసింది. దానికి దారం లేదు.

“ఇయ్యాల కట్టనే లేదే పిచ్చిపోరీ! లేచిపోతే ఎవరు ఆపిండ్రు?”

అందరికీ ముందే తెలుసు. పొట్టలు పట్టుకుని నవ్వారు. “సూసిండ్రా, ఇగ దీని నడుం జన్మల వంగది,” అని అత్త గర్వంగా చెప్పి, తల పక్కకు తిప్పి నా ముఖం చూసింది. ఆ చూపులో జాలి ఉందేమోనని చాలా ఏళ్లు గుర్తు చేసుకుని వెతికాను. లేదు.

ఆమె మాటే నిజమైంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ నా నిలువును అందరూ మెచ్చుకున్నారు. ఆమె పోయిన రోజున కాళ్లకు మొక్కడానికి కూడా నా మెడ సరిగా వంగలేదు.

నిన్నటి పాఠంలో ఆ అమ్మాయి, “అవ్వా, మెడ వదులు చెయ్యి. ఎవ్వరు పట్టుకోలేదు గద,” అన్నది. తర్వాత నెమ్మదిగా అడిగింది. “లేచేముందు ప్రతిసారి ఎన్కకు చెయ్యి పెడుతవు. ఏం దేవులాడుతున్నవ్ అవ్వా?”

అప్పుడే చూసుకున్నాను. నా వేళ్లు నెరిసిన కొప్పు కింద దారం కోసం తడుముతున్నాయి.