వంశంగారి తుపాకీ

ఎదురుపడ్డ మనిషిని "బాగున్నారా?" అని అడగడం లోకరీతి. వంశంగారు మాత్రం మనిషిని వదిలేసి, అతని భుజాన ఉన్న తుపాకీ వైపు చూసి "దీని వంశం ఏమిటి?" అని అడిగేవారు. అందుకే తుపాకీ క్లబ్బులో ఆయనకు వంశంగారని పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు లైసెన్సు మీద ఉండే ఉంటుంది గానీ, ఆయన ఆ లైసెన్సును కూడా ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు.

క్లబ్బంటే పెద్ద భవనం అనుకునేరు. ఊరి చివర ఒక రేకుల షెడ్డు, దాని వెనక తుపాకులు బాగుచేసే మేస్త్రీ గది, ముందు డబ్బాలు నిలబెట్టి కాల్చడానికి ఒక మట్టికట్ట, అంతే. ఆదివారం వచ్చిందంటే పాతికమంది చేరేవారు. ఆ పాతికమందిలో ఎన్ని మెట్లో! రైఫిళ్ళవాళ్ళు జంటగొట్టాలవాళ్ళను చూసి ముక్కు విరిచేవారు. జంటగొట్టాలవాళ్ళు ఒంటిగొట్టం వాళ్ళ బల్ల దగ్గర టీ తాగేవారు కాదు. ఒంటిగొట్టం వాళ్ళు గాలితుపాకీ వాళ్ళతో "మీరు పిచికల్ని కాలుస్తారా, బతిమాలుకుంటారా?" అనేవారు. గాలితుపాకీ వాళ్ళకు చిన్నచూపు చూడ్డానికి ఎవరూ మిగలక, గేటు దగ్గర పడుకున్న కుక్కను కసిరి తృప్తిపడేవారు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు. అక్కడ ఉన్నవన్నీ గురివింద గింజలే.

వాళ్ళందరినీ కట్టగట్టి ఒకే చూపుతో కొట్టిపారేసేవారు వంశంగారు. రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తాగా ముప్ఫయ్యేళ్ళు ఎవరి ఇల్లు ఎవరి తాతదో విచారించి విచారించి, రిటైరయ్యాక ఆ విచారణను తుపాకుల మీదికి మళ్ళించారు. అద్దె ఇంట్లో రెండు గదులు, ఒక సైకిలు, తాతగారి నుంచి వచ్చిన జంటగొట్టాల తుపాకీ ఆయన ఆస్తి. భుజానికి ఆనించే వైపు అక్రోటు కర్ర మడమ, దాని మీద వెండి నగిషీ, నగిషీలో ఎగురుతున్న బాతు. ముఖమల్ సంచిలోంచి దాన్ని బయటికి తీస్తుంటే పక్కవాళ్ళు దగ్గడానికి కూడా జంకేవారు. గోడకున్న కొయ్యల్లో దానికి అటొక కొయ్య, ఇటొక కొయ్య ఖాళీగా ఉంచి తగిలించేవారు.

"ఎందుకండీ చోటు దండగ?" అని ఎవరైనా అంటే, "సహవాసదోషం" అనేవారు.

బ్యాంకు గార్డు ఆ క్లబ్బులో చేరిన మొదటి ఆదివారమే ఈ సహవాసదోషం సంగతి తెలుసుకున్నాడు. బ్యాంకులో గార్డు ఉద్యోగమంటే మనిషినొక్కడినే కాదు, అతని సొంత తుపాకీని కూడా చూసి ఇస్తారు. అతనికి మామగారు ఇచ్చిన జంటగొట్టం ఒకటి ఉంది. దాన్ని తుడిచి, నూనె పెట్టి, కొత్త అల్లుడిలా తయారుచేసి తీసుకొచ్చి వంశంగారి పక్క కొయ్యకే తగిలించబోయాడు.

"ఆగవోయ్! దీని వంశం ఏమిటి?"

"మా మామగారిదండీ."

"నీ వంశం కాదోయ్, దీనిది." వంశంగారు జేబులోంచి తెల్ల రుమాలు తీసి చేతికి చుట్టుకుని గార్డు తుపాకీని అందుకున్నారు. పరాయి తుపాకీని రుమాలు లేకుండా తాకడం ఆయన ఎరగరు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, గొట్టాల్లోకి చూశారు. "నగిషీ లేదు. బాతు లేదు. ఇది తుపాకీ కాదోయ్, రెండు కుళాయి గొట్టాలకు గొడుగు కర్ర అతికించారు. ఆ చివర పెట్టుకో."

షెడ్డు మొత్తం గొల్లుమంది. గార్డుకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని కూడా చల్లారలేదు.

"ఆ ముసలాయన నోరు పడిపోను! మీ నాన్న తుపాకీని పట్టుకుని కుళాయి గొట్టం అన్నాడే!" అన్నాడు.

"మా నాన్న కూడా అదే అనేవాడులెండి" అంది భార్య. "మీకు ఇచ్చేశాకే కదా ఇంట్లో చోటు కలిసొచ్చింది."

"నువ్వు కూడానా? చూస్తూ ఉండు. ఏదో ఒకరోజు ఆయన తుపాకీ పరువు పోతుంది. ఆరోజు అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను. ఒట్టు!"

ఆ ఒట్టు మనసులో పెట్టుకునే ప్రతి ఆదివారం వెళ్ళాడు. ప్రతి ఆదివారం వంశంగారు రుమాలు చుట్టుకుని అతని తుపాకీని అందుకుని, గొట్టాల్లోకి చూసి, కొత్త బిరుదు ఒకటి ఇచ్చి పంపేవారు. ఒకసారి "పొగగొట్టం" అన్నారు, ఒకసారి "దీంతో దొంగను కాల్చకు, చూపించు చాలు, జాలిపడి వెళ్ళిపోతాడు" అన్నారు. గార్డొక్కడినే అనేవారని కాదు. కోళ్ళఫారం నడిపే ఒకావిడ నక్కల కోసం జంటగొట్టం ఒకటి ఉంచుకుంది. దాన్ని ఆయన "కోడిపిల్లలకు ఆటబొమ్మ" అనేవారు. ఆవిడ ఏం తక్కువది కాదు. "బాబాయిగారూ, మీ బాతును మా ఫారానికి పంపండి, కాస్త మేపి పంపిస్తాను" అనేది.

ఇంతలో గార్డు నెత్తిన పిడుగు పడింది.

తుపాకీలో తూటా వెనక చిటుక్కున పొడిచే చిన్న ఉక్కుముక్క ఒకటి ఉంటుంది. దాన్ని సూది అంటారు. అది పొడిస్తేనే తూటా పేలుతుంది. గార్డు తుపాకీలో ఒక సూది ఎప్పుడో అరిగిపోయింది, ఉన్న రెండోది ఒక ఆదివారం విరిగిపోయింది. నొక్కితే "టిక్" అంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ "టిక్".

"మూగది" అన్నారు వంశంగారు. "వంశం లేకపోతే ఇంతే."

మేస్త్రీ విప్పి చూసి పెదవి విరిచాడు. "దీన్ని తయారుచేసిన కార్ఖానా మూతపడి ఎంతకాలమైందో! ఈ కొలత సూది దొరకదు. కొత్తది చేయించాలంటే సరైన ఉక్కు తెప్పించాలి. నెలలు పడుతుంది."

"పండక్కి కాదు మేస్త్రీ, పరీక్షకు కావాలి!" అన్నాడు గార్డు. ఏటా లైసెన్సు ఆఫీసరు వచ్చి అందరిచేతా కాల్పించి చూస్తాడు. పేలని తుపాకీని జమ చేయించేసుకుంటాడు. తుపాకీ పోతే బ్యాంకువాళ్ళు మర్నాడే ఇంకో గార్డును చూసుకుంటారు. "నా ఉద్యోగం ఆ సూదిమొన మీదే ఉంది. ఏదో ఒకటి చెయ్యి, నీ పుణ్యముంటుంది."

ఆ మాటలు వంశంగారు విన్నారో లేదో తెలియదు. ఆయన ముఖమల్ సంచి తాడు బిగిస్తూ, "మూగదాన్ని ఇంటికి తీసుకుపోవోయ్, మా దానికి అంటుకుంటుంది" అని మాత్రం అన్నారు. ఆ రోజు గార్డు ఆయన్ను కొట్టలేదంటే అది వాళ్ళ అమ్మ పెంపకం.

తరవాతి వారానికి మేస్త్రీ కబురు పంపాడు. "పాత సామాన్లలో ఒక సూది దొరికింది. కుడి గొట్టానికి అతికినట్టు సరిపోయింది. ఒక గొట్టం పేలితే నీకు పరీక్షకు చాలు."

గార్డు మేస్త్రీని వాటేసుకుని, "నీ పాత సామాన్లు చల్లగా ఉండాలి" అన్నాడు.

సరిగ్గా అప్పటినుంచే వంశంగారి డాబు మరీ ముదిరింది. ఏడాదిగా ఆయన కుడి గొట్టం ఒక్కటే కాల్చేవారు. "రెండోది గురి తప్పేవాళ్ళకోయ్" అనేవారు. ఇప్పుడు కాల్చడమే మానేశారు. ఆదివారం తుపాకీ తెస్తారు, సంచి విప్పుతారు, రెండు కొయ్యలు ఖాళీ ఉంచి తగిలిస్తారు, అందరి వంశాలూ అడుగుతారు, మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతారు.

"ఒక్క గుండు వదలండి బాబాయిగారూ!" అనేది కోళ్ళఫారం ఆవిడ.

"మా తాతగారి తుపాకీ రేకు డబ్బాలతో మాట్లాడదమ్మా."

అందరికంటే ఎక్కువ వెక్కిరించింది రైఫిలున్న పళ్ళడాక్టరు. జంటగొట్టాలంటేనే ఆయనకు నామోషీ. "ఆయన గారి తుపాకీకి మౌనవ్రతం" అని ఊరంతా చెప్పాడు.

పరీక్షరోజు రానే వచ్చింది. మునుపటి ఆఫీసరు మంచివాడు, వంశంగారి బాతును చూసి దండం పెట్టి సంతకం పెట్టేసేవాడు. ఈసారి వచ్చినవాడు కొత్తవాడు. ముఖం గంటుపెట్టుకుని, ఒక చేత్తో దవడ పట్టుకుని కుర్చీలో కూర్చుని, "పేలితే సంతకం, పేలకపోతే జమ. నాకు కథలు వద్దు" అన్నాడు.

గార్డు కాల్చాడు. డబ్బా ఎగిరి పడింది. కాగితం మీద ముద్ర పడింది. కోళ్ళఫారం ఆవిడ కాల్చింది. ఆవిడకూ పడింది. గార్డు గుండెల నిండా గాలి పీల్చుకుంటుండగా వంశంగారి వంతు వచ్చింది.

"ఇవాళ గాలి సరిగ్గా లేదండీ" అన్నారు వంశంగారు.

"కాల్చండి."

"వెలుగు కూడా..."

"పెద్దాయనా, కాలుస్తారా, జమ చేస్తారా?"

వంశంగారు భుజానికి ఆనించారు. నొక్కారు. "టిక్". రెండోది నొక్కారు. "టిక్".

"పైన పటారం, లోన లొటారం!" అన్నాడు పళ్ళడాక్టరు వెనకనుంచి.

గార్డు ఇన్నాళ్ళుగా కాచుకున్న ఘడియ అదే. నవ్వుదామని నోరు తెరిచాడు. వంశంగారు తుపాకీ దించి, వెండి బాతును బొటనవేలితో మెల్లిగా రాస్తున్నారు. దాన్ని పట్టుకోవడం అదే ఆఖరన్నట్టు ఉంది ఆ వాలకం. గార్డుకు నవ్వు రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

అప్పుడే మేస్త్రీ చెమటలు కక్కుతూ వచ్చి అతని చొక్కా పట్టుకుని లాగాడు. "ఇంక దాచడం నా వల్ల కాదయ్యా. ఆయన కుడి సూది నీ తుపాకీలో ఉంది!"

"ఏంటీ?"

"ఎడమది ఆవిడ దాంట్లో ఉంది! పోయినేడు నక్కలు పడి కోళ్ళన్నీ పోతున్నాయని ఆవిడ ఏడిస్తే, ఆ రాత్రే వచ్చి పీకించి ఇచ్చాడు. నువ్వు ఏడిస్తే రెండోది ఇచ్చాడు. మీ మూడూ ఒకే కార్ఖానాలో పుట్టాయి. నగిషీ వేసినవి బంగళాలకు పోయాయి, వేయనివి పొలాలకు పోయాయి. లోపల సామానంతా ఒకటే! ఎవరికైనా చెబితే చంపేస్తానన్నాడు."

పక్కనే ఉన్న పళ్ళడాక్టరు ఇదంతా విన్నాడు. ఇప్పుడే లొటారం అన్న మనిషి తటాలున లేచి ఆఫీసరు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"అయ్యా, ఆ దవడ వాపు ఎన్నాళ్ళనుంచి?"

"అది మీకెందుకు? ముందు ఈ తుపాకీ..."

"తుపాకీ ఎక్కడికీ పోదు, పన్ను పోతుంది. ఏదీ, ఆ అనండి."

"ఆ."

"ఇంకా పెద్దగా. అలాగే ఉండండి. మూశారో, నా పూచీ లేదు." గాలితుపాకీ వాళ్ళు పరిగెత్తి టార్చిలైటు తెచ్చారు. ఒంటిగొట్టం వాళ్ళు ఆఫీసరు కుర్చీని వెలుగు పేరుతో షెడ్డుకు వీపు ఉండేలా తిప్పారు. రైఫిళ్ళవాళ్ళు స్వయంగా టీ మోశారు. ఆ క్లబ్బులో ఒకరి టీ ఇంకొకరు మోయడం అదే మొదలు. ఆఫీసరు ఏదో అడుగుతూనే ఉన్నాడు గానీ, తెరిచిన నోటితో అడిగినవన్నీ "ఆ, ఆ" అనే వినబడ్డాయి.

ఈలోగా మేస్త్రీ గదిలో మూడు తుపాకులు బల్ల మీద విప్పి ఉన్నాయి. వంశంగారు ముఖం ఎర్రగా చేసుకుని నిలబడ్డారు.

"ఎవడ్రా నిన్ను చెప్పమంది?" అని మేస్త్రీ మీద ఎగిరారు.

"ఎందుకిచ్చారండీ?" అన్నాడు గార్డు. కళ్ళనీళ్ళు విప్పిన సామాన్ల మీద పడ్డాయి. "మీ తుపాకీ పోయేది కదా!"

"ఏడవకోయ్, తుప్పు పడుతుంది. నీది మూగదైతే నిన్ను ఉద్యోగంలోంచి పంపేస్తారు. నాది మూగదైతే నన్ను ఎక్కడినుంచి పంపేస్తారు? రిటైరైనవాణ్ణి."

"మరి నన్ను అన్ని మాటలన్నారేం?"

"ప్రతి ఆదివారం నీ తుపాకీలో నా సూది ఎలా ఉందో చూసుకోవద్దూ? ఊరికే ఇమ్మంటే అనుమానం రాదూ?"

"చేరిన రోజు కూడా అన్నారుగా! అప్పటికి మీ సూది నా దాంట్లో లేదే!"

వంశంగారు కాస్త ఆలోచించారు. "అది నిజంగానే అన్నాను" అన్నారు.

కోళ్ళఫారం ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ తన సూదిని అరచేతిలో పెట్టి చాచింది. వంశంగారు రుమాలు తీసి దాన్ని పట్టిపట్టి తుడిచారు. "ఏ నక్కల మధ్య తిరిగొచ్చిందో ఏమో!" గార్డు సూదిని ఇంకా ఎక్కువసేపు తుడిచారు.

పన్ను పరీక్ష ముగిసేసరికి వంశంగారు కట్ట ముందు నిలబడి ఉన్నారు. ధన్ మంది ఒకటి, ధన్ మంది ఇంకొకటి. రెండు డబ్బాలూ ఎగిరిపోయాయి. గేటు దగ్గరి కుక్కతో సహా అందరూ అరిచారు.

"మరి ఇందాక ఎందుకు పేలలేదు?" అన్నాడు ఆఫీసరు దవడ సర్దుకుంటూ.

"పెద్ద వంశమండీ. ఒక్క పిలుపుకు పలకదు" అన్నారు వంశంగారు.

ఆఫీసరు ముద్ర వేసి లేచాడు. పోతూ పోతూ షెడ్డులో టీ బల్ల మీద తెచ్చి పెట్టిన గార్డు తుపాకీ దగ్గర ఆగాడు. "ఇదే కదా ఇందాక బాగా పేలింది? ఏ కంపెనీది?" అంటూ చెయ్యి చాచాడు. దాంట్లో ఇప్పుడు సూది లేదు. విప్పి చూశాడంటే అందరి కొంపా మునుగుతుంది. గార్డుకు పైప్రాణం పైనే పోయింది.

వంశంగారు ఒక్క అంగలో అడ్డం వచ్చి ఆ తుపాకీని తీసి భుజాన వేసుకున్నారు. రుమాలు లేకుండా, ఉత్త చేతుల్తో. "మా వంశమే అండీ" అన్నారు.

ఆఫీసరు తల ఊపి, దవడ పట్టుకుని జీపెక్కాడు.

ఆ సాయంత్రమే సూదులు మళ్ళీ ఎవరి తుపాకీల్లోకి వాళ్ళవి వెళ్ళిపోయాయి. అంటే గార్డుది గార్డుకు, ఆవిడది ఆవిడకు. కొత్త ఉక్కు తెప్పించేదాకా సూదులు ఆయన దగ్గరే ఉంచుకోమని ఇద్దరూ బతిమాలినా వంశంగారు ఒప్పుకోలేదు.

తరవాతి ఆదివారం గార్డు వచ్చి చూస్తే, ముఖమల్ సంచి తుపాకీ పక్కన ఎప్పటిలాగే ఒక కొయ్య ఖాళీ ఉంది. రెండోవైపు కొయ్య కింద మాత్రం కొత్తగా సుద్దముక్కతో "గార్డు" అని రాసి ఉంది. అతను కళ్ళు చెమర్చి, భక్తిగా తన తుపాకీని అక్కడ తగిలించాడు.

వంశంగారు దగ్గరికి వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని దాన్ని ఎగాదిగా చూశారు. రుమాలు తీసి మడమ మీది దుమ్ము తుడిచి నిట్టూర్చారు.

"ఏం చేస్తాం! ఎంత గొప్ప వంశంలోనైనా ఒకటి చెడబుడుతుంది."